అధ్యక్షుడి గదికి ఆనుకుని ఊరి వీధి

అమెరికాలో అధ్యక్షుల పేరు మీద నడిచే మ్యూజియంలు రెండు రకాలు. హెర్బర్ట్ హూవర్ నుంచి ఇటు వచ్చిన అధ్యక్షుల్లో చాలామంది లైబ్రరీలని కేంద్ర ప్రభుత్వానికి చెందిన నేషనల్ ఆర్కైవ్స్ చూసుకుంటుంది. అక్కడ కాగితాలు లక్షల్లో ఉంటాయి, పరిశోధకులు వస్తారు, భవనాలు ఘనంగా ఉంటాయి. హూవర్ కంటే ముందువాళ్ళకి అలాంటి ఏర్పాటు లేదు. వాళ్ళని గుర్తుపెట్టుకునే పని ఎక్కువగా వాళ్ళ ఊళ్ళ మీదే పడింది. ఊరి చరిత్ర సంఘం, కొందరు దాతలు, కొందరు వాలంటీర్లు కలిసి నడుపుకొచ్చే మ్యూజియంలు ఇవి. అధ్యక్షుడి వస్తువులూ ఊరి పాత సామానూ ఒకే కప్పు కింద ఉంటాయి.

ఇలాంటి చోట్లని చాలామంది తక్కువ చేసి చూస్తారు. అన్నీ కలగాపులగంగా పెట్టేశారని, ఒక పద్ధతి లేదని అంటారు. నేను దీనికి అస్సలు ఒప్పుకోను. ఒక అధ్యక్షుణ్ణి అంచనా వెయ్యాలంటే వాషింగ్టన్ కంటే అతను బతికిన ఊరే సరైన చోటు. అతను తీసుకున్న నిర్ణయాలు ఒక గదిలో ఉంటే, వాటి కింద బతికిన జనం పక్క గదిలో ఉంటారు. ఆ రెండు గదుల మధ్య గోడ కడితే నష్టపోయేది రెండూ. 1897 నుంచి 1901లో హత్యకి గురయ్యేదాకా అధ్యక్షుడిగా ఉన్న విలియం మెకిన్లీ మ్యూజియం ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో ఉంది, అది చూసి వచ్చాక ఈ మాట గట్టిగా చెప్పాలనిపించింది.

కాంటన్ క్లీవ్‌లాండ్‌కి దక్షిణంగా కారులో గంట దూరం. 2020 జనాభా లెక్కల్లో 70,872 మంది. 1950లో లక్షా పదహారు వేలు దాటిన ఊరు ఇది. ఇప్పుడు బయటివాళ్ళు ఆ ఊరికి వెళ్ళేది ఎక్కువగా అమెరికన్ ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్ళ పేరున కట్టిన హాల్ ఆఫ్ ఫేమ్ కోసం. 1920లో ఈ ఊళ్ళోనే ఒక కార్ల షోరూంలో జట్ల యజమానులు కూర్చుని పెట్టుకున్న సంఘమే తర్వాత ఎన్ఎఫ్ఎల్ అనే ఫుట్‌బాల్ లీగ్ అయింది. ఆ హాల్ తెరిచింది 1963లో. మెకిన్లీ మ్యూజియం తెరిచిందీ అదే ఏడాది. జనం మాత్రం అటే పోతారు.

మ్యూజియం పక్కన గుట్ట మీద గుండ్రటి గ్రానైట్ సమాధి మందిరం ఉంది. ఎక్కడానికి 108 మెట్లు. లోపల గుమ్మటం కింద మెకిన్లీ, ఆయన భార్య ఐడా రాతి పేటికల్లో పక్కపక్కన ఉన్నారు. వాళ్ళ కూతుళ్ళిద్దరినీ గోడలో ఉంచారు. చిన్నపాప 1873లో నెలల పసికందుగా పోయింది. పెద్దపాప కేటీ 1875లో మూడున్నరేళ్ళ వయసులో టైఫాయిడ్‌తో పోయింది. ఈ కట్టడానికి దేశమంతటా పది లక్షల మందికి పైగా చందాలు ఇచ్చారు. స్కూలు పిల్లలు సెంట్లు పోగుచేసి పంపారు. 1907 సెప్టెంబరు 30న అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వచ్చి ప్రారంభించాడు. ఐడా అదే ఏడాది మే నెలలో కన్నుమూసింది. పూర్తయిన మందిరాన్ని ఆమె చూడలేదు.

కిందకి దిగి మ్యూజియంలోకి వెళ్తే ఇదే కుటుంబం ఇంకోలా కనిపిస్తుంది. మెకిన్లీ గదిలో అడుగుపెట్టగానే ఆయనా ఐడా కదిలే బొమ్మలుగా మారి మనతో మాట్లాడతారు. పిల్లలు అక్కడినుంచి ఓ పట్టాన కదలరు. వాళ్ళ ఇంటి సామాను, బట్టలు చుట్టూ ఉన్నాయి. ఐడాకి మూర్ఛవ్యాధి. కూతుళ్ళు పోయాక ఆరోగ్యం ఇంకా దెబ్బతింది. విందుల్లో మర్యాద నియమాలు పక్కనపెట్టి మెకిన్లీ ఆమెని తన పక్కనే కూర్చోబెట్టుకునేవాడు. ఫిట్స్ వస్తే ఆమె ముఖం మీద చేతిరుమాలు కప్పి, అది తగ్గేదాకా మాట కొనసాగించేవాడని అప్పటివాళ్ళు రాశారు. ఆమె కూర్చునే కాలక్షేపానికి చెప్పులు అల్లేది. ఉన్ని చెప్పులు, వేల జతలు. అనాథలకీ ఆసుపత్రులకీ విరాళాల వేలాలకీ ఇచ్చేసేది. అధ్యక్షుల చరిత్ర రాసేవాళ్ళకి ఇవి చిన్న విషయాలు కావచ్చు. నాకు మాత్రం చాలాసేపు వాటి గురించే ఆలోచన సాగింది.

ఆ గది దాటితే ఊరు. పంతొమ్మిదో శతాబ్దపు వీధిని అసలు కొలతల్లో కట్టి పెట్టారు. దుకాణాలు, ప్రింటింగ్ ప్రెస్, నడిచి వెళ్ళే బాట. మరో వైపు సైన్సు విభాగం, అందులో కదిలే డైనోసార్. ప్లానెటేరియం కూడా ఉంది. అధ్యక్షుడి మ్యూజియంలో డైనోసార్ ఎందుకని అడిగేవాళ్ళకి నా జవాబు సూటిగా ఉంటుంది. ఆ ఊరి పిల్లలకి దగ్గర్లో వేరే సైన్సు మ్యూజియం అక్కర్లేకుండా ఆ సంఘం చూసుకుంటోంది. డైనోసార్ కోసం వచ్చిన పిల్లవాడు 1890ల వీధిలోంచి నడిచి వెళ్తాడు. దానికంటే మంచి దారి నాకు తెలీదు.

ఇక ఆ వీధికీ ఆ గదికీ మధ్య ఉన్న సంబంధం. నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే.

1876లో ఈ జిల్లాలోనే బొగ్గు గనుల్లో సమ్మె జరిగింది. సమ్మె విరగ్గొట్టడానికి యజమానులు బయటినుంచి పనివాళ్ళని తెచ్చారు, గొడవలయ్యాయి, గని కార్మికులు అరెస్టయ్యారు. వాళ్ళ తరఫున వాదించడానికి ఊళ్ళో లాయర్లు వెనకాడుతుంటే ముందుకొచ్చినవాడు మెకిన్లీ. ఒక్కరు తప్ప అందరూ బయటపడ్డారు. కార్మికులు పోగుచేసి ఇచ్చిన ఫీజు ఆయన తీసుకోలేదు. అవతలి పక్షం గని యజమానుల్లో మార్క్ హన్నా ఒకడు. సరిగ్గా ఇరవై ఏళ్ళకి అదే హన్నా మెకిన్లీ ఎన్నికల ప్రచారానికి సారథి అయ్యాడు. కంపెనీల దగ్గర, బ్యాంకుల దగ్గర 35 లక్షల డాలర్ల దాకా వసూలు చేసి పెట్టాడు. దేశ చరిత్ర పుస్తకాల్లో మెకిన్లీ అంటే హన్నా జేబులోని మనిషి. స్థానిక చరిత్రలో మెకిన్లీ అంటే కార్మికుల దగ్గర పైసా తీసుకోని లాయరు. రెండూ నిజమే. ఆ రెంటినీ ఒకే మనిషిలో చూడాలంటే బొగ్గు గనుల కథ తెలిసిన ఊరు కావాలి.

1896 ఎన్నికల సంగతీ అంతే. ప్రత్యర్థి విలియం జెన్నింగ్స్ బ్రయాన్ రైల్లో 18,000 మైళ్ళు తిరిగాడు. మెకిన్లీ ఇల్లు కదల్లేదు. జనమే కాంటన్ వచ్చారు. రైల్వే కంపెనీలు టికెట్ ధరలు తగ్గించాయి, బృందాలు బృందాలుగా దిగారు. మొత్తం ఏడున్నర లక్షల మంది వచ్చారని అంచనా. అప్పటికి ఊరి జనాభా ముప్పై వేలు. ఇంటి ముందు గడ్డి బురదయిపోయింది, కంచె కర్రలు జ్ఞాపకంగా పీక్కుపోయారు. ఏ బృందం నాయకుడు ఏం మాట్లాడతాడో ముందే రాసి పంపించమనేవారు. మెకిన్లీ దాన్ని చదివి జవాబు సిద్ధం చేసుకునేవాడు. ఈ కథ ఎప్పుడు విన్నా నేత వరండాలో నిలబడ్డ దృశ్యమే చెబుతారు. ముప్పై వేల మంది ఊరు అంతమందికి తిండి ఎలా పెట్టింది, ఎక్కడ పడుకోబెట్టింది, స్టేషన్ నుంచి ఇంటిదాకా ఊరేగింపులు ఎవరు నడిపారు అన్నది చెప్పగలిగేది ఊరి మ్యూజియమే. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, కూల్చేశారు. ఊరి జ్ఞాపకం ఒక్కటే మిగిలింది.

ఇంకో విషయం చెప్పాలి. ఇది ఏ గది గోడ మీదా చదివింది కాదు. మెట్లు దిగుతూ నాలో నేను కలుపుకున్నది.

1893లో అమెరికా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. అప్పుడు మెకిన్లీ ఒహాయో గవర్నరు. ఒక వ్యాపారి మిత్రుడి అప్పులకి హామీ సంతకాలు పెట్టి ఉన్నాడు. మిత్రుడు దివాలా తీశాడు, అప్పు మెకిన్లీ మెడకి చుట్టుకుంది. లెక్క లక్ష డాలర్లు దాటింది. ఆస్తి అంతా అమ్ముకుంటాననీ, ఐడా కూడా తన ఆస్తి ఇచ్చేస్తుందనీ చెప్పాడు. హన్నా, ఇంకొందరు ధనవంతులు కలిసి ఆ అప్పు తీర్చేశారు. మూడేళ్ళలో ఆయన అధ్యక్ష ఎన్నిక గెలిచాడు.

అదే 1893లో గంట దూరంలో క్లీవ్‌లాండ్‌లో ఒక తీగల మిల్లులో పనిచేసే ఇరవై ఏళ్ళ కుర్రాడు సమ్మె చేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పేరు బ్లాక్‌లిస్టులో ఎక్కింది. మళ్ళీ పని దొరకడానికి వేరే పేరు పెట్టుకోవాల్సొచ్చింది. అతని పేరు లియాన్ చోల్గోష్. 1901 సెప్టెంబరు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊళ్ళో జరిగిన ఎగ్జిబిషన్‌లో జనం వరసగా వచ్చి అధ్యక్షుడికి షేక్‌హ్యాండ్ ఇస్తుంటే, చేతికి రుమాలు చుట్టుకుని, ఆ రుమాల్లో తుపాకీతో వరసలో నిలబడి మెకిన్లీని కాల్చినవాడు అతనే. వరసలో ఉన్న జేమ్స్ పార్కర్ అనే నల్లజాతి వ్యక్తి అతన్ని పట్టుకుని కింద పడేశాడు. మెకిన్లీ ఎనిమిది రోజులు బతికి, గాయం లోపల కుళ్ళి, సెప్టెంబరు 14న చనిపోయాడు. అక్టోబరులో చోల్గోష్‌కి విద్యుత్ కుర్చీలో మరణశిక్ష అమలైంది.

హత్యని సమర్థించడానికి ఇది చెప్పడం లేదు. ఏ కష్టమూ దానికి సాకు కాదు. కానీ ఒకే ఏడాది, ఒకే రాష్ట్రం, ఒకే మాంద్యం. ఒకరిని ఆదుకోవడానికి స్నేహితులు పరిగెత్తుకొచ్చారు, ఇంకొకరికి సొంత పేరు మీద పని కూడా దొరకలేదు. జాతీయ కథనంలో చోల్గోష్ ఎక్కడినుంచో ఊడిపడ్డ అరాచకవాది. ఒహాయో చరిత్రలో అతను పక్క ఊరి మిల్లు కార్మికుడు. అధ్యక్షుడి సమాధికి గంట దూరంలో ఉన్న మిల్లుల కథ చెప్పకుండా ఆ చావు గురించి చెప్తే సగమే చెప్పినట్టు.

ఇంకో సంగతి దిగుమతి సుంకాలు. ఈమధ్య మెకిన్లీ పేరు మళ్ళీ గట్టిగా వినబడుతోంది. 2025 జనవరిలో ట్రంప్ ప్రమాణస్వీకారం రోజే అలాస్కాలోని డెనాలి శిఖరానికి మళ్ళీ మెకిన్లీ పేరు పెట్టాలని ఆదేశం వచ్చింది. సుంకాలతో దేశాన్ని సంపన్నం చేశాడని పొగిడారు. మెకిన్లీ అలాస్కా ఎప్పుడూ వెళ్ళలేదు. సుంకాలు మాత్రం నిజంగా ఆయన సొంత విషయమే. 1890లో కాంగ్రెసు సభ్యుడిగా తెచ్చిన చట్టం దిగుమతి సుంకాలని సగటున యాభై శాతం దగ్గరికి చేర్చింది. అదే ఏడాది ఆయన తన సీటు ఓడిపోయాడు. ప్రతిపక్షం నియోజకవర్గం హద్దులు మార్చడం ఒక కారణం, ధరలు పెరుగుతాయన్న భయం ఇంకో కారణం. సొంత జిల్లా ఓటర్లే కొద్ది తేడాతో పక్కన పెట్టారు.

ఇక సమాధి మెట్ల మధ్యలో ఉన్న కంచు విగ్రహం. చేతిలో కాగితాలతో నిలబడి ఉంటాడు. అది 1901 సెప్టెంబరు 5న, అంటే కాల్పులకి ముందురోజు, బఫెలోలో చేసిన చివరి ప్రసంగం నాటి రూపం. ఆ ప్రసంగంలో ఆయన తన పాత దారి నుంచి పక్కకి జరిగాడు. మన సరుకు అందరికీ అమ్ముకుంటూ వాళ్ళది ఏదీ కొనకుండా ఉండలేమని, పరస్పర ఒప్పందాలు కావాలని చెప్పాడు. ఆయన్ని సుంకాల వీరుడిగా మాత్రమే గుర్తుపెట్టుకునేవాళ్ళు ఆ మెట్లు ఒకసారి ఎక్కాలి. ఊరివాళ్ళు కంచులో పోయించి పెట్టుకున్నది మనసు మార్చుకున్న మెకిన్లీని.

సుంకం ఉన్నా లేకపోయినా ఫ్యాక్టరీలకి ఏమవుతుందన్నది కూడా ఈ ఊరే చెబుతుంది. 1880ల చివర్లో జాన్ డ్యూబర్ అనే గడియారాల వ్యాపారిని కాంటన్ జనం చందాలూ స్థలమూ ఇచ్చి పిలిపించుకున్నారు. డ్యూబర్-హాంప్‌డెన్ గడియారాలు ఇక్కడ తయారై దేశమంతా వెళ్ళాయి. చేతి గడియారాల కాలం వచ్చాక కంపెనీ నిలబడలేకపోయింది. 1930లో సోవియట్ ప్రభుత్వం ఆ యంత్రాలన్నీ కొనుక్కుంది. 28 గూడ్సు పెట్టెల నిండా సామాను మాస్కో వెళ్ళింది. ఉద్యోగాలు పోయిన కాంటన్ పనివాళ్ళు ఇరవై మంది దాకా వెంట వెళ్ళి రష్యన్లకి పని నేర్పారు. అలా మొదలైన మాస్కో ఫ్యాక్టరీలోనే తర్వాత కాలంలో యూరీ గగారిన్ చేతి గడియారం తయారైంది. ఒక ఊరి పనితనం ఎంత దూరం పోయిందో చూడండి. ఆ పనితనం ఉన్న మనుషులకి సొంత ఊళ్ళో మాత్రం పని లేకపోయింది. పక్కనే నార్త్ కాంటన్‌లో హూవర్ అనే కంపెనీ వాక్యూమ్ క్లీనర్ల ఫ్యాక్టరీ 2007లో మూతపడింది. 1900 ఎన్నికల్లో మెకిన్లీ పక్షం నినాదం కార్మికుడికి నిండు అన్నం డబ్బా. ఆ మాట ఎంతవరకు నిలబడిందో అడిగే హక్కు అందరికంటే ముందు కాంటన్‌కి ఉంది.

ఇలాంటి మ్యూజియంలకి ఒక బలహీనత కూడా ఉంటుంది. సొంత మనిషి మీద ప్రేమ. ఊరి బిడ్డ గురించి చేదు మాట చెప్పడం ఏ ఊరికైనా కష్టమే. మెకిన్లీ విషయంలో ఆ చేదు మాట ఫిలిప్పీన్స్. 1898లో స్పెయిన్‌తో యుద్ధం నెలల్లో ముగిసింది. డిసెంబరులో పారిస్ ఒప్పందంతో స్పెయిన్ వలసలైన ప్యూర్టో రికో, గువామ్ దీవులు అమెరికా చేతికొచ్చాయి, 2 కోట్ల డాలర్లకి ఫిలిప్పీన్స్ వచ్చింది. స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఫిలిపినోలు ఒప్పుకోలేదు. 1899 నుంచి 1902 దాకా సాగిన యుద్ధంలో అమెరికా సైనికులు 4,200 మందికి పైగా, ఫిలిపినో యోధులు 20,000 మందికి పైగా చనిపోయారు. హింస, ఆకలి, రోగాలతో పోయిన మామూలు జనం రెండు లక్షల దాకా ఉంటారని అమెరికా విదేశాంగ శాఖే చెబుతుంది. అదే 1898లో హవాయిని కలుపుకున్నారు. వద్దని అక్కడివాళ్ళు 21,000 మందికి పైగా సంతకాలు చేసి పంపినా ఆగలేదు. అమెరికాలోని ఆదివాసీ తెగల ప్రభుత్వాలని రద్దు చేసిన కర్టిస్ చట్టం మీద సంతకమూ ఆ ఏడాదిదే.

దీన్ని చెప్పడానికి సొంత ఊరు తగదని నేను అనుకోను. నిజానికి సొంత ఊరు చెబితేనే దానికి బరువుంటుంది. భార్య ముఖం మీద అంత మెత్తగా రుమాలు కప్పిన చెయ్యి, ఆ కాగితాల మీద కూడా సంతకం పెట్టింది. కూతురు పోయిన తండ్రి బాధ తెలిసిన ఊరు, మనీలా తండ్రుల బాధ చెప్పగలదు. పైగా కాంటన్‌కి ఎదురు మాట కొత్త కాదు. 1918 జూన్ 16న సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ ఈ ఊరి నిమిసిల్లా పార్కులోనే మొదటి ప్రపంచ యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. ఎదురుగా ఉన్న జైల్లో తన సోషలిస్టు మిత్రులని పలకరించి వచ్చి వేదిక ఎక్కాడు. ఆ ప్రసంగానికి పదేళ్ళ శిక్ష పడింది. 1920లో జైలు నుంచే అధ్యక్ష పదవికి పోటీ చేస్తే తొమ్మిది లక్షల మందికి పైగా ఓటేశారు. మెకిన్లీ వరండా, డెబ్స్ పార్కు ఒకే ఊళ్ళో ఉన్నాయి. స్కూలు పిల్లల బస్సు రెండు చోట్లా ఆగాలి.

కాలిఫోర్నియాలోని ఆర్కేటా అనే చిన్న ఊళ్ళో నూరేళ్ళకి పైగా నిలబడ్డ మెకిన్లీ విగ్రహాన్ని, స్థానిక తెగలవాళ్ళ అభ్యంతరాల తర్వాత 2019లో తీసేశారు. కాంటన్ ఆ విగ్రహాన్ని తెచ్చుకుని 2023లో ఊరి నడిబొడ్డున పెట్టుకుంది. తెచ్చుకోవడం నాకు తప్పుగా అనిపించలేదు. ఊరు తన మనిషిని వదులుకోనక్కర్లేదు. అయితే దాని పక్కన పెట్టే పలకలో ఆర్కేటా ఎందుకు వద్దనుకుందో నాలుగు వాక్యాలు ఉండాలి. అది చదివిన పిల్లలు మ్యూజియంలో ఆ మాట్లాడే బొమ్మ ముందు నిలబడి, ఫిలిప్పీన్స్ గురించి ఏమంటారు సార్ అని గట్టిగా అడగాలి, పక్కనున్న టీచరు దానికి జవాబు చెప్పగలగాలి.